గడప లేని దీవి

సర్వపిండికి చిల్లులు పెట్టడానికి ఒక పద్ధతి ఉంది. గిన్నెలో అద్దిన పిండిని వేలితో నెమ్మదిగా పొడిచి, ఆ చిల్లుల్లో నాలుగు చుక్కల నూనె వెయ్యాలి. ఈ ఉదయం నీలమ్మ పద్ధతి వదిలేసింది. గిన్నెలో ఉన్నది పిండి కాదు, కన్నకొడుకు వీపు అన్నట్టు పొడుస్తోంది.

"ఇంకెన్ని పొడుస్తవే? అది సర్వపిండా, జల్లెడనా?" అన్నాడు లింగమూర్తి, వంటింటి ముందు చాయ్ గ్లాసు పట్టుకుని.

"మీ కొడుకును అడుగున్రి, ఎన్ని తింటడో."

ఆ కొడుకు అక్కడే ఉన్నాడు, భోజనాల బల్ల దగ్గర. గచ్చిబౌలిలో రాత్రి షిఫ్టు చేసి, తెల్లవారి ఇంటికొచ్చి, పడుకోవాల్సిన వేళ ఎర్రటి కళ్లతో కూర్చున్నాడు.

"అమ్మా, జర నాతోని మాట్లాడు" అన్నాడు ఆకాష్.

"నా దగ్గర మాటలేడున్నయ్? టికెట్లు రెండే అన్నడు గద. మాటలు గూడ ఇద్దరే మాట్లాడుకొమ్మనున్రి" అంది నీలమ్మ, మొగుడి వైపు చూస్తూ.

లింగమూర్తి కొడుకు వైపు తిరిగాడు. "విన్నవా?"

"విన్న."

"విన్నడట" అన్నాడు లింగమూర్తి భార్యతో. తెల్లవారినప్పటి నుంచి ఆయనకు ఇదే ఉద్యోగం.

నిన్న సాయంత్రం ఆకాష్ నోరు విప్పాడు. ఆఫీసు క్యాబ్ ఎక్కుతూ, "మారిషస్‌కు టికెట్లు తీసిననమ్మా, ఆషాఢంల పోతున్నం, రెండే తీసిన" అని ఒక్క గుక్కలో చెప్పి కారు తలుపు వేసుకున్నాడు. అతను పారిపోయాడు గానీ ఆ 'రెండే' అన్న మాట గోపన్‌పల్లి ఇంట్లోనే ఉండిపోయింది. రాత్రంతా ఆ మాటే నీలమ్మ పక్కలో పడుకుంది. నిద్రపోనివ్వలేదు.

పై గదిలో కోడలు జయంతి పెట్టె సర్దుకుంటోంది. మారిషస్‌కి కాదు, గచ్చిబౌలిలోని పుట్టింటికి. ఎల్లుండే ఆషాఢం. కొత్త కోడలు అత్తగారితో ఒకే గడప దాటకూడదు, కొత్త అల్లుడు అత్తగారి గడప తొక్కకూడదు. రేపు అమావాస్య గనుక ఆడపిల్లని కదిలించకూడదని జయంతి తల్లి రత్నమాల పట్టు. అందుకని ఈ సెలవు రోజే, అదీ వర్జ్యం రాకముందే, వచ్చి తీసుకెళ్తామన్నారు. గోపన్‌పల్లి నుంచి గచ్చిబౌలికి ఫ్లాస్కు అక్కర్లేకుండా చాయ్ పట్టుకుపోవచ్చు. అయినా ఎడబాటు ఎడబాటే కదా, శాస్త్రానికి.

మారిషస్ ఏ కాలంలో బాగుంటుందన్న ప్రశ్న ఉగాదినాడు పుట్టింది. పుట్టినప్పుడు దాని పేరు హనీమూన్. రెండు ఇళ్ల పెద్దలూ చెయ్యేశాక ఆ పేరు పోయి 'మన టూరు' అయింది.

ఎండాకాలం పోదామన్నారు పిల్లలు. మామిడికాయ తొక్కు ఎవరు పెడతారంది నీలమ్మ. శ్రావణమంటే మంగళగౌరి నోము, కొత్త పెళ్లికూతురు ఒక్క మంగళవారం తప్పినా ఒప్పుకోనంది రత్నమాల. భాద్రపదంలో వినాయకుడు, లింగమూర్తి లేకపోతే లడ్డూ వేలం ఎవరు పాడాలి? తర్వాత బతుకమ్మ, కోడలికి మొదటిది. కార్తీకంలో రత్నమాల నీచు ముట్టదు. చేపలు తినని మనిషి సముద్రం నడుమకు పోయి ఏం చేస్తుందని లింగమూర్తికి సందేహం. మార్గశిరంలో గురువారాలన్నీ లక్ష్మీదేవికి రాసిచ్చేశారు.

ఇక మిగిలింది ఆషాఢం. అది శూన్యమాసమని రత్నమాల అంటే, బోనాలున్న నెల శూన్యమెట్లయితదని నీలమ్మ లేచింది. ఆ నెల పేరెత్తితే పోట్లాటే గనుక వియ్యపురాళ్లిద్దరూ దాన్ని వదిలేశారు. వదిలేసిన ఆ నెలనే ఆకాష్ ఏరుకున్నాడు.

ఇన్ని నెలలు మారినా ఒకటి మాత్రం మారలేదు. ఎప్పుడు పోయినా అందరం కలిసే పోదామన్నది. నీలమ్మ పాస్‌పోర్టు కూడా తీసుకుంది. ఇసుకలో నడవడానికి వదులు చెప్పులు, ఎండకి నల్లద్దాలు కొనుక్కుంది. ఆ నల్లద్దాలు పెట్టుకుని ఒకసారి కూరగాయల బండి దాకా వెళ్లొచ్చింది కూడా.

బయట కారు ఆగింది. అందులోంచి ముందు గొడుగు దిగింది, తర్వాత భీమేశ్వరరావు దిగాడు.

జయంతి నాన్నగారు సర్కారు వాతావరణ ఆఫీసులో చేసి రిటైరయ్యారు. ఆయన కూర్చున్నది జీతాల బిల్లుల సెక్షన్‌లో. మబ్బుకీ ఆయనకీ ఫైళ్లలో కూడా పరిచయం లేదు. కానీ అపార్ట్‌మెంట్లో ఎవరింట్లో పెళ్లయినా షామియానా వెయ్యాలా వద్దా అని ఆయన్నే అడుగుతారు. తెలియదని ఆయన ఒక్కసారీ అనలేదు.

"ఏం బావా, వాన వస్తదా?" అన్నాడు లింగమూర్తి ఎదురెళ్లి.

"సాయంత్రం దాకా ప్రశ్నే లేదండి బావగారూ" అన్నాడు భీమేశ్వరరావు, గొడుగు చంకలో ఇంకాస్త బిగించి.

రత్నమాల సున్నుండల డబ్బా తెచ్చింది. వంటింట్లోకి తొంగిచూసి ఆగిపోయింది. "అదేంటి వదినగారూ, కళ్లు అలా ఉన్నాయి?"

"ఉల్లిగడ్డ కోసిన."

"ఆ ఉల్లిగడ్డ ఇంజినీరింగ్ గూడ చదివింది" అన్నాడు లింగమూర్తి. "ఇగో, గీడ కూసున్నది. ఆషాఢంల నీ బిడ్డను తోల్కొని మారిషస్ పోతదట. టికెట్లు గూడ తీసింది."

రత్నమాల సోఫాలో కూలబడింది. "ఆషాఢంలోనా? ఇద్దరూనా? ఏవండీ, వింటున్నారా? నేను పిల్లని తీసుకెళ్లేది విడిగా ఉంచడానికా, విమానం ఎక్కించడానికా?"

"విమానమంటే జులైలో గాలివాటం చూసుకోవాలి" అన్నాడు భీమేశ్వరరావు.

"మీరుండండి."

ఆకాష్ లేచి నిలబడ్డాడు. ఆఫీసులో తెల్లవాళ్లకు లెక్క చెప్పేటప్పుడు నిలబడేదీ ఇలాగే. చేతులు కూడా అలాగే ముందుకు పెట్టాడు.

"అత్తమ్మా, ఒక్క నిమిషం. రూలేంది? అత్తాకోడళ్లు ఒక్క గడప దాటొద్దు. అల్లుడు అత్తగారి గడప తొక్కొద్దు. గంతే గద? మరి మారిషస్‌ల గడప ఎవరిది? మా అమ్మది గాదు, మీది గాదు. అది దీవి. సుట్టూ నీళ్లు."

"హోటల్‌కి మాత్రం గడప ఉండదా బాబూ?"

"ఉండదు అత్తమ్మా. చక్రాల పెట్టెలు లోపలికి పోవద్దా? గడప పెడితే తట్టుకుంటయ్. కావాల్నంటే ఫోటోలు సూపిస్త, ఒక్క రూముకు గూడ గడప లేదు."

లింగమూర్తి తొడ చరిచాడు. "వీణ్ని వకీలు చదివిస్తే అయిపోతుండె!"

రత్నమాల ఫోన్‌లో ఫోటోలు పెద్దవి చేసి చూసింది. నిజంగానే గడపలు లేవు. మెత్తబడింది గానీ పూర్తిగా కాదు. "గడప ఒక్కటే కాదు బాబూ. పెద్దవాళ్లు పెట్టినదానికి వేరే కారణం కూడా ఉంటుంది" అని చీర అంచు సర్దుకుంది.

"ఏముంది వదినా" అన్నాడు లింగమూర్తి. "ఆషాఢంల కడుపైతే నడి ఎండల కానుపొస్తది, గంతే గద. ఇప్పుడు దవాఖానలన్నిట్ల ఏసీలున్నయ్, ఫికర్ చెయ్యకు."

గదిలో అందరూ ఒకేసారి ఫ్యాను వైపు చూశారు. భీమేశ్వరరావు అది ఎంత వేగంతో తిరుగుతోందో లెక్క కడుతున్నట్టు చాలాసేపు చూశాడు.

నీలమ్మ వంటింట్లోంచి పళ్లెంతో వచ్చింది. వియ్యంకులిద్దరి ముందూ సర్వపిండి పెట్టింది. కొంగుతో చేతులు తుడుచుకుంది. అందరూ ఆమె నోటి వైపే చూస్తున్నారు, అంతసేపూ మాట్లాడని మనిషి గనుక.

"ఏమయ్యా" అంది మొగుడితో. "మీ కొడుకును ఒక్క ముచ్చట అడుగున్రి. ఆడ గడపే లేదంటున్నడు గద?"

"ఆఁ, లేదన్నడు."

"గడప లేనప్పుడు నేను నా కోడలితోని ఉంటే తప్పేంది? నేనెందుకు పోవద్దు?"

ఆకాష్ చేతులు ముందుకు చాచినవి చాచినట్టే ఉండిపోయాయి.

"అవును కదండీ!" అంది రత్నమాల, కొత్త వెలుగు కనిపించినట్టు. "అల్లుడు తొక్కడానికి నా గడప కూడా అక్కడ లేదు. అయితే నేనూ రావచ్చు."

"మరి నేను గూడ" అన్నాడు లింగమూర్తి. "ఆడ మన తెలుగోళ్లున్నరట. కల్లు దొరుకుతదో లేదో అడిగితే చెప్తరు."

ఆషాఢం అనే గోడ కట్టి దాని వెనక కూర్చోబోయాడు పాపం ఆకాష్. గడప లేదని తనే వాదించి ఆ గోడకి తనే వాకిలి పెట్టాడు. ఇప్పుడా వాకిట్లోంచి నలుగురు పెద్దలు పెట్టెలతో వచ్చేస్తున్నారు. ఏం చెయ్యాలో తోచక మనవాళ్లంతా ఏ దారీ లేనప్పుడు మాట్లాడేదే మాట్లాడాడు. వాతావరణం.

"అమ్మా, నీకు మోకాళ్ల నొప్పులు. జులైల ఆడ చలి ఉంటది. గాలి. సముద్రం నీళ్లు గూడ సల్లగుంటయ్. నీకు పడది. అది మంచి సీజన్ గాదే."

"మంచి సీజన్ కాదా?" భీమేశ్వరరావు సర్వపిండి ముక్క కింద పెట్టేశాడు. ఇది ఆయన రంగం. "మంచి సీజన్ కాకపోతే మీరెందుకు వెళ్తున్నారండీ అల్లుడుగారూ? నేను మొదట్నుంచీ చెబుతూనే ఉన్నాను, జనవరి అని. దీవికైనా, మరెక్కడికైనా జనవరిని మించింది లేదు. మంచు, లేత ఎండ, ఒక శాలువా చాలు."

"అక్కడ జనవరి అంటే నడివేసవి నాన్నా."

మెట్ల మీంచి జయంతి దిగింది, పెట్టె ఒక్కో మెట్టు మీద దడ్ దడ్ మని కొట్టుకుంటూ వెంట వస్తోంది. "భూమధ్యరేఖకి అవతల ఉంది కదా, కాలాలు మనకి తలకిందులు. జనవరిలో వానలు. తుఫాన్లు కూడా."

భీమేశ్వరరావు కళ్లజోడు తీసి తుడిచాడు. తుడిచిన చోటే మళ్లీ తుడిచాడు. "నేనన్నది మన జనవరి గురించమ్మా" అన్నాడు చివరికి.

"మన జనవరి అక్కడికి వెళ్లదు నాన్నా."

"సరే, మరి అక్కడ మంచి నెలేది?"

జయంతి అబద్ధం చెప్పడం చేతకాని పిల్ల. రాయదుర్గంలో ఆమె ఉద్యోగం కూడా ఇతరులు రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు పట్టడమే. "అక్టోబర్. చలి తగ్గిపోతుంది, ఉక్క ఇంకా మొదలవదు, నీళ్లు వెచ్చబడతాయి."

"మరి అంత మంచి అక్టోబర్ పెట్టుకుని జులైలో, చలిలో, గాలిలో ఎందుకమ్మా?"

ప్రశ్న చాలా మామూలుది. ఆకాష్ భార్య వైపు చూశాడు. ఆ చూపులో వద్దు అని ఉంది, నువ్వే చెప్పు అని కూడా ఉంది. జయంతికి ఆ రెండోదే కనిపించింది. ఒళ్లు మండింది.

"ఆషాఢమైతే మీరెవ్వరూ రాలేరు కాబట్టి" అంది.

వంటింట్లో రెండో గిన్నె మాడుతున్న వాసన వచ్చింది. ఎవరూ లేవలేదు.

నిన్నటి నుంచి మొదటిసారి నీలమ్మ కొడుకు మొహంలోకి చూసింది. "నన్ను తప్పించుకోనీకి నీకు ఆషాఢం దొరికిందారా?"

"అట్ల గాదమ్మా."

"మరెట్ల?"

లింగమూర్తి గ్లాసులో లేని చాయ్ తాగుతున్నాడు. రత్నమాల సున్నుండల డబ్బా మూత తీసి, మళ్లీ పెట్టింది.

"అత్తయ్యా" అంది జయంతి, పెట్టె వదిలి ఆమె ముందుకొచ్చి. "మీమీద కోపంతో కాదండీ. నేను ఆఫీసుకి తయారయ్యేటప్పుడు తను ఇంటికొస్తాడు. నేను వచ్చేసరికి తను క్యాబ్ ఎక్కుతాడు. నా ఇడ్లీ, తన పెరుగన్నం ఒకే బల్ల మీద తింటాం, అంతే మా కాపురం. శని ఆదివారాల్లో తనకి ఫోన్ రాకపోతే నాకొస్తుంది. తనకి గురక ఉందో లేదో కూడా నాకు సరిగ్గా తెలీదు. ఆషాఢంలో మొగుడూ పెళ్లాం విడిగా ఉండాలంటారు. మాకు పెళ్లయిన మాఘం నుంచీ ఆషాఢమే నడుస్తోందండీ."

రత్నమాలకి కూతురి కాపురం ఇంత బొటాబొటీగా ఉందని తెలీదు. వారం వారం ఫోన్‌లో "బాగున్నావా" అంటే "బాగున్నా" అనేది పిల్ల. ఆ తల్లికి ఇప్పుడు సిగ్గేసింది, తను కూడా టూరుకి చీరలు ఎంచి పెట్టుకున్నందుకు.

నీలమ్మ కుర్చీ లాక్కుని కూర్చుంది.

"నాకు సముద్రం మీద మోజా బిడ్డా?" అంది. "ఉప్పునీళ్లు సూసి నేనేం చేసుకుంట? వీడు పగలంత పండుకుంటడు. ఆ తలుపు ముంగటికెళ్లి నేను చెప్పులిడిచి నడుస్త, సప్పుడైతదని. పగటిపూట మిక్సీ పట్టి ఎన్నాళ్లయిందో. సాయంత్రం లేస్తడు, తింటడు, పోతడు. ఇంట్ల నా కొడుకు ఉన్నడన్న సంగతి నాకు వాని చెప్పులు సూస్తే తెలుస్తది. ఆడికి పోతే వీడు పగలు మేలుకోని ఉంటడు గద, నా ముంగట కూసోని రెండు ముచ్చట్లు చెప్తడు గద అని ఆశవడ్డ. గంతే."

జయంతికి ఆ మాట ఎక్కడో లోపల తగిలింది. ఒకే మనిషి కోసం ఇద్దరూ ఒకే ఇంట్లో కాచుకుని ఉన్నారు. ఒకరికొకరు చెప్పుకోలేదు. "నాకు తెలీదు అత్తయ్యా" అంది.

"నువ్వు అడగలే. నేను చెప్పలే."



"ఏవండీ" అంది రత్నమాల మెల్లగా, "వర్జ్యం వచ్చేస్తుందేమో."

నీలమ్మ లేచింది. కోడలికి బొట్టు పెట్టింది, జాకెట్ ముక్కా పండూ ఒళ్లో పెట్టింది. మాడని సర్వపిండి ఏరి మూట కట్టి ఇచ్చింది. "ఆఫీసుకు తీస్కపో. మీ అమ్మకు ఇయ్యకు, ఆమెకు కారం పడది."

"పడుతుంది వదినగారూ" అంది రత్నమాల, కళ్లనీళ్లతో పొరబోతూ. ఆమె తిన్న ముక్కలో మిరపకాయ అప్పుడే అందింది.

జయంతి గడప దాటింది. దాటి, అవతల నిలబడి వెనక్కి తిరిగింది. ఇవతల ఆకాష్, పెట్టె అందించడానికి వంగి ఉన్నాడు.

"ఆకాష్, మొదట గడప అన్నావు. తర్వాత చలి అన్నావు. నిజం చెప్పాల్సి వచ్చేసరికి నా వైపు చూశావు" అంది. గొంతు పెంచలేదు. "ఆ మాట చెప్పి ఇంట్లో చెడ్డదాన్ని నేనయ్యాను. పర్లేదు. ఇప్పుడు నువ్వు కూడా ఒక్కసారి చెప్పు, మీ అమ్మ ముందే. 'నేనూ జయంతీ ఇద్దరమే పోతామమ్మా' అను. అంతే. చెప్తే నాకు జులై అయినా జనవరి అయినా, తుఫాను వచ్చినా మంచి కాలమే."

"చెప్పకపోతే?" అన్నాడు ఆకాష్, నవ్వబోయి.

"చెప్పకపోతే నేను రాను. నీ పక్క సీటు ఖాళీగా వెళ్తుంది."

లింగమూర్తి గ్లాసు కింద పెట్టాడు. భీమేశ్వరరావు కారు తలుపు తీసినవాడు తీసినట్టే ఆగాడు. వీధిలో ఎవరిదో బైక్ టాక్సీ హారన్ కొట్టుకుంటూ పోయింది.

ఆకాష్ తల్లి వైపు తిరిగాడు.

నీలమ్మ కొంగు సర్దుకుని నిలబడింది. ఆమెకు కష్టంగానే ఉంది. కానీ వినడానికే నిలబడింది. పిల్లగాడు అడిగితే పొమ్మందామని ఆమె మనసు అప్పటికి ముప్పావు వంతు ఒప్పుకుంది. మిగిలిన పావు వంతు వాడి నోటి మాట కోసం ఉంచుకుంది.

"అమ్మా" అన్నాడు ఆకాష్.

"చెప్పు."

ఆమె కళ్లల్లో తడి చూశాడు. అక్కడే పట్టు జారిపోయింది. ప్రపంచంలో ఏ మూల సర్వర్ ఆగిపోయినా అర్ధరాత్రి లేచి నిలబెట్టే మనిషి, తల్లి ముందు ఒక్క వాక్యం నిలబెట్టలేకపోయాడు.

"పోనీ… అక్టోబర్ల అందరం పోదామా?"

లింగమూర్తి నుదురు కొట్టుకున్నాడు.

"అక్టోబరంటే వాతావరణపరంగా చాలా…" అని మొదలుపెట్టాడు భీమేశ్వరరావు గేటు దగ్గర. రత్నమాల ఆయన చెయ్యి గిల్లింది. వాక్యం అక్కడితో ఆగింది.

జయంతి ఆకాష్ చేతిలోంచి పెట్టె తీసుకుంది. తనే డిక్కీలో పెట్టింది, తనే డిక్కీ మూసింది. "ఎక్కండి నాన్నా, వెళ్దాం" అంది. కారు కదిలేటప్పుడు అత్తగారికి చెయ్యి ఊపింది. మొగుడి వైపు చూడలేదు.

ఆకాష్ గేటు దాకా పరుగెత్తాడు. ఫోన్ తీశాడు. చేస్తే ఎత్తదని తెలిసి మళ్లీ జేబులో పెట్టుకున్నాడు. ఎల్లుండి నుంచి అత్తారింటి గడప తొక్కడానికి కూడా వీల్లేదు.

వెనక నీలమ్మ వచ్చి నిలబడింది.

"ఆ పిల్ల ఏమడిగింది, నువ్వేం చెప్పినవ్రా?"

"నీ కోసమే అన్ననమ్మా."

"నేనడిగిన్నా?"

"నువ్వు బాధపడతవని…"

"బాధపడతనని?" నీలమ్మ కొడుకు గడ్డం పట్టుకుని మొహం తనవైపు తిప్పుకుంది. కన్నీళ్లు చెంపల మీదికి వచ్చేశాయి, తుడుచుకోలేదు. "ఇప్పుడు నేనేమన్న నవ్వుతున్ననారా?"

కారు వీధి చివర మలుపు తిరిగింది.